గొంతు మారిన పిల్లవాడు, బారిటోన్ గిటార్

మా టొరంటో చుట్టుపక్కల కర్ణాటక సంగీతం క్లాసుల్లో పదమూడేళ్లు దాటిన మగపిల్లలు కనిపించడం అరుదు. ఏ తెలుగువారింట్లో ఈ మాట కదిపినా ఒకే సమాధానం: ‘ఇక్కడ పుట్టిన పిల్లలు కదా, ఆసక్తి పోతుంది.’ నేను ఒప్పుకోను. అందులో సగమైనా సంస్కృతి సమస్య కాదు, గొంతు సమస్య. గురువుగారూ, ఆడపిల్లలూ, చిన్నపిల్లలూ హాయిగా ఆరు శ్రుతిలో, అంటే పాశ్చాత్య స్వరం ఏలో, పాడుతుంటారు. గొంతు మారుతున్న కుర్రాడికి ఆ షడ్జం, అంటే స, అందదు. కింది స్థాయిలో అందుకుందామంటే గాలి తప్ప స్వరం రాదు. కొన్నాళ్లు పెదవులు కదిపి ఊరుకుంటాడు, ఆ తర్వాత మానేస్తాడు. మా వాడూ అంతే. “అమ్మా, పాట వద్దు, గిటార్ కొనిపెట్టు” అన్నాడు.

గిటార్ మీద నాకేమీ కోపం లేదు. మా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాక, ఫలానా వాద్యం మనది కాదనే మాట మా ఇంట్లో చెల్లదు. నా దిగులంతా పాట ఆగిపోతుందనే.

దుకాణంలో మామూలు గిటార్ చేతికిస్తే వాడు దాన్ని పట్టుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు సన్నగా రాగం తీశాడు. అప్పుడు తెలిసింది, వాడి గొంతు ఒకటి శ్రుతికి, అంటే సి దగ్గరికి దిగిపోయిందని. మామూలు గిటార్లో అన్నిటికన్నా కింది తీగ ఇ, సుమారు 82 హెర్ట్జ్. దాన్ని సి దాకా దించితే తీగ వదులైపోయి మెట్లకు (ఫ్రెట్లకు) తగిలి గరగరమంటుంది. దుకాణంలోని పెద్దాయన అది చూసి, గోడ మీది నుంచి మెడ పొడుగ్గా ఉన్న ఇంకో గిటార్ దించి ఇచ్చాడు.

అదే బారిటోన్. మామూలు గిటార్లో తీగ మోగే పొడవు దాదాపు 25.5 అంగుళాలైతే దీనిలో 27, ఆ పైన. మామూలు లైట్ సెట్లో (సన్న తీగల సెట్లో) లావు తీగ మందం అంగుళంలో వెయ్యింట 53 వంతులు ఉంటే, దీనికి 68 లేదా 70 వేస్తారు. పొడవూ బరువూ పెరిగాయి కాబట్టి తీగ బిగువుగా ఉంటూనే కింది స్వరం పలుకుతుంది. సాధారణంగా బి నుంచి బి దాకా శ్రుతి చేస్తారు, కొందరు ఏ దాకా దించుతారు. కింది బి అంటే సుమారు 62 హెర్ట్జ్.

కొనేవారికి ఒక మాట. కింది తీగను గట్టిగా మీటి చూడండి. స్వరం మొదట పైకెగిరి తర్వాత కిందికి జారితే ఆ తీగ ఆ శ్రుతికి చాలనట్టే. పిల్లవాడి చేయి మొదటి మెట్ల దగ్గర చాచగలదా అన్నదీ చూసుకోవాలి, అక్కడ మెట్లు దూరం దూరంగా ఉంటాయి. తీగలు ప్రతి దుకాణంలో దొరకవు, ఒక సెట్ అదనంగా కొనిపెట్టుకోవడం మేలు. టొరంటోలో ఏళ్ల తరబడి గిటార్లు చేసిన లిండా మాంజర్ బారిటోన్లకు ప్రసిద్ధురాలు. ఆవిడ చేతిపని మన జేబుకు అందేది కాదు, మేము సామాన్యమైనదే తీసుకున్నాం. ఇక చలికాలం హీటర్లు ఇంట్లో గాలిని ఎండగట్టేస్తాయి. తేమ 45–55 శాతం లేకపోతే చెక్క పగులుతుంది. పెట్టెలో తడి స్పాంజి పెట్టే పని నాకే పడింది.

వాయించడం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, పట్లు (కార్డులు పట్టే తీరు) అవే. కాకపోతే జి పట్టు పడితే డి పలుకుతుంది, స్నేహితులతో కలిసి వాయించాలంటే వాడు లెక్కలు కట్టుకోవాలి. ఆరు తీగలూ ఒకేసారి మీటితే నాద‌మంతా ముద్దయిపోతుంది. రెండు మూడు తీగలు ఏరుకుని మీటితేనే అందం.

శ్రుతి కిటుకు వాడే కనిపెట్టాడు. ఆరో తీగను బి నుంచి ఏకి దించాడు. దానితో కింది మూడు తీగలు ఏ, ఇ, ఏ అయ్యాయి: స, ప, స. మూడో మెట్టు మీద కాపో, అంటే తీగలన్నిటినీ అదిమిపట్టే పట్టీ, బిగిస్తే అదే సి, జి, సి. మగవారి తంబురాలో చివరి తీగ పలికే మంద్ర షడ్జం సరిగ్గా అదే. మిగిలిన మూడు తీగలు మ, ద, రి. మోహన రాగంలో మధ్యమం (మ) లేదు కదా, ఆ తీగను కాపో నుంచి రెండో మెట్టు దగ్గర నొక్కి పంచమం చేసుకున్నాడు. ఇక గాంధారం ఒక్కటే తక్కువ, అది మొదటి తీగ మీద రెండు మెట్ల దూరంలోనే ఉంది. అలా మీటుకుంటూ చిన్నప్పటి మోహన గీతం పాడాడు, తలుపు వేసుకుని. ఆ లావు తీగలను వీణ మీద లాగినట్టు లాగి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పలికించడం కష్టం. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, పలుకుతుంది, మిగతాది గొంతుతోనే పాడాలి. నాకు కావలసిందీ అదే.

మా అమ్మ ఫోనులో విని, “తంబురా కొన్నారా? ఎంతయింది?” అని అడిగింది. గిటార్ అన్నా నమ్మలేదు.

గురువుగారికి ఈ శ్రుతి సంగతి చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి, పెద్ద మగపిల్లలకు విడిగా ఒకటి శ్రుతిలో అరగంట పాఠం చెబుతానన్నారు. మానేసిన ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వస్తున్నారు. పాఠం శనివారం పొద్దున ఎనిమిదింటికి. మా వాణ్ణి ఆ వేళకు నిద్ర లేపే పూచీ మాత్రం మా వారిదే.