మా ఇంటి సరుకుల పద్దులో దొంగ దొరికాడు

సంక్రాంతి వెళ్లిన వారం సంగతి. పిండివంటలు, బట్టలు, చుట్టాలు అన్నీ అయ్యాక బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటే గుండె గుభేలుమంది. అలవాటు ప్రకారం వెళ్లి మా ఆవిడ మీద పడ్డాను, ఐదుగురున్న ఇంట్లో తిండి సరుకులకి నెలకి ఇంతెలా అవుతుందని. తను బళ్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. తలెత్తలేదు. "అయితే వచ్చే నెల నుంచి మీరే చూసుకోండి" అంది, ఎర్ర పెన్ను కూడా ఆగలేదు.

సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పెద్దోడి పాత నోటుబుక్కులో మిగిలిన కాయితాలు తీసుకుని పద్దు మొదలుపెట్టాను. ఫిబ్రవరి అంతా ఏమీ తగ్గించలేదు, ఏమీ మార్చలేదు, కొన్నది కొన్నట్టు రాశానంతే. నెలాఖరుకి మొత్తం 18,640 తేలింది. బియ్యం, పప్పులు, నూనె, పోపుసామాన్లు కలిపి 6,100. రోజుకి రెండు లీటర్ల లెక్కన పాలు 3,600. కూరగాయలు, పళ్లు 3,200. చేపలు, కోడి, గుడ్లు 2,400. ఇక్కడిదాకా బాగానే ఉంది, ఎవరింట్లోనైనా ఇంతే. మిగిలిన 3,340 మాత్రం పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లకి పోయింది. మొత్తం 14 ఆర్డర్లు. వాటిలో 11 నా ఫోన్ నుంచి వెళ్లినవే!

ఇది ఎలా జరుగుతుందో మీకూ తెలిసే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి ఆఫీసులో ఉంటాను, ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, కొత్తిమీర లేదు వచ్చేటప్పుడు పట్టుకురండి అని. దారిలో బండి ఆపడానికి బద్ధకం, యాప్‌లో పెట్టేద్దాం అనుకుంటాను. 15 రూపాయల కొత్తిమీరకి డెలివరీ చార్జీ ఎందుకు దండగ అని, అది పడకుండా ఒక చిప్స్ ప్యాకెట్టు, ఒక బ్రెడ్డు, పిల్లలకి ఐస్‌క్రీమ్ వేస్తాను. చార్జీ పడలేదని సంతోషం. బిల్లు 219.

2023-24 గృహ వినియోగ ఖర్చుల సర్వే చూస్తే, పట్టణాల్లో నెల ఖర్చులో తిండి వాటా 40 శాతానికి కాస్త తక్కువ, ఆ తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద ముక్క పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారాలదట. దేశమంతా ఇలాగే ఉందని నాకు కొంచెం ఊరటగా అనిపించింది. మా ఆవిడకి చూపించాను. తనకేమీ ఊరటగా అనిపించినట్టు లేదు.

ఆ కొత్తిమీర ఫోన్ ఎందుకొస్తోందో ఆలోచిస్తే తెలిసిందేమిటంటే, రాత్రికి ఏం వండాలో సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకని ఎక్సెల్ తీసి నెల మొత్తానికి, పూటపూటకీ, ఏ కూరో ఏ పప్పో రాసి ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. చాలా అందంగా వచ్చింది. మూడో రోజే పోయింది. అమ్మ కొట్టు దగ్గర లేత ఆనపకాయ చూసి తెచ్చేసింది, ఆ రోజు నా కాయితంలో దొండకాయ వేపుడు ఉంది. "ఏట్రా, లేతకాయ దొరికితే నీ కాయితం కోసం వదిలేసి రమ్మంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నడుస్తున్నది వేరే పద్ధతి. వంటకం పేరు రాయం, రకం మాత్రమే అనుకుంటాం. సోమవారం ఆకుకూర పప్పు, ఏ ఆకుకూరైనా సరే. మంగళవారం వేపుడు, చారు. బుధవారం గుడ్లు. శుక్రవారం బెల్లం వేసిన పులుసు. శనివారం అమ్మ ఒంటిపూట కాబట్టి రాత్రికి అందరికీ అట్లో, ఉప్మానో. ఆదివారం నీచు. ఇందులో నాకు బాగా నచ్చింది గురువారం. ఆ రోజు కొత్తగా ఏదీ కొనకూడదు, తరగకూడదు. సగం వంకాయ, రెండు ములక్కాడ ముక్కలు, ఎవరూ ముట్టని చిలగడదుంప, వాడిపోతున్న బెండకాయలు, ఫ్రిజ్ అడుగున ఏవి ఉంటే అవి అన్నీ కలిపి దప్పళం. అంతకుముందు ఇవే శనాదివారాల్లో చెత్తబండికి వెళ్లేవి. ఫిబ్రవరిలో పారేసినవి కూడా రాసుకున్నాను, దాదాపు 400 రూపాయల కూరగాయలు. అమ్మకి ఆ లెక్క చెప్పలేదు.

కూరగాయలకి ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి మా విశాఖలోని సీతమ్మధార రైతు బజార్‌కి వెళ్తాను. 1999లో ఈ రైతు బజార్లు మొదలైనప్పుడు నాన్న నన్ను సంచి మోయడానికి తీసుకెళ్లేవారు, ఇప్పుడు నేను మా చిన్నోణ్ని తీసుకెళ్తున్నాను, వాడు నాకన్నా ఎక్కువ గొణుగుతాడు. బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి కాబట్టి బేరం గొడవ లేదు. ఏది ఏ రోజు వండాలన్నదే నేను అక్కడ నేర్చుకున్నది. తోటకూర, బచ్చలి, చుక్కకూర మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. బీర, ఆనప, వంకాయ వారం మధ్యకి. కంద, చేమ, గుమ్మడి, బంగాళాదుంప చివరికి. సాయంత్రం ఆకుకూరలు చవగ్గా ఇస్తారని రెండుసార్లు వెళ్లాను, నాలుగు కట్టలు తెస్తే రెండు కట్టలు ఏరి పారేయాల్సి వచ్చింది.

ఇక నా గొప్ప తప్పు. టోకున కొంటే చవక అని ఎవరో అన్నారు, పూర్ణామార్కెట్‌కి వెళ్లి పది కిలోల కందిపప్పు, ఐదు కిలోల మినపగుళ్లు, ఐదు కిలోల బొంబాయి రవ్వ తెచ్చేశాను. కిలోకి ఎనిమిదో పదో మిగిలిందని రెండు రోజులు ఇంట్లో ఛాతీ విరుచుకుని తిరిగాను. ఈ సముద్రం గాలికి ఉప్పే నీళ్లు కారుతుంది, రవ్వ ఒక లెక్కా? ఆగస్టుకల్లా రవ్వ నిండా పురుగు, పప్పులో తెల్లగా బూజులా గూళ్లు. అమ్మ డాబా మీద చాపేసి పప్పు ఆరబెట్టడం, మబ్బు పట్టగానే నన్ను పరిగెత్తించడం, వారం రోజులు ఇదే పని. రవ్వ మొత్తం పోయింది. ఇప్పుడు పప్పులు నెలకి సరిపడానే, రవ్వ కిలో తెచ్చి ఫ్రిజ్‌లోనే. టోకుగా కొనేది బియ్యం, చింతపండు, ఎండుమిర్చి, అంతే. చింతపండు మాత్రం కొత్త పంట దిగే రోజుల్లో గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ వాళ్ల దగ్గర ఏడాదికి సరిపడా తీసుకుంటాం, మన ఏజెన్సీ చింతపండు రుచే వేరు.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో ఎప్పుడైనా చూశారా? 2022 జులైలో 25 కిలోలు, అంతకన్నా తక్కువ ఉండే ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, దాంతో మిల్లుల వాళ్లు ఒక కిలో కలిపేశారు. నూనె దగ్గర ఇంకో తమాషా. లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు చూడ్డానికి లీటరు ప్యాకెట్టులాగే ఉండి 800, 850 గ్రాములే ఉండేవి వస్తున్నాయి. మొన్న 152 రూపాయల లీటరు ప్యాకెట్టు, 139 రూపాయల 800 గ్రాముల ప్యాకెట్టు పక్కపక్కనే పెట్టారు. రెండోది చవక అనుకుని చెయ్యి పెట్టబోయి లెక్కేస్తే మొదటిది కిలో 167, రెండోది 174 పడింది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచిన దగ్గర్నుంచి నూనె ధర మీద నాకు ఒక కన్ను ఉంటోంది. తర్వాత ముడినూనెల మీద కొంత తగ్గించారు గానీ మా కొట్టులో పాత ధర మాత్రం రాలేదు. కాబట్టి ధర వెతకడం కంటే వేపుళ్లు వారానికి నాలుగు నుంచి రెండుకి దించడమే ఎక్కువ పనిచేసింది.

తగ్గించలేకపోయిన ఖర్చు ఒకటుంది. అమ్మ గదిలో అలమార పై అర. అందులో ఎప్పుడూ రెండు కిలోల పెసరపప్పు, పాలపొడి, అటుకులు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ఉంటాయి. అది అనవసరపు సరుకని మార్చిలో లెక్కలోంచి కొట్టేశాను. అమ్మ ఏమీ అనలేదు గానీ మర్నాడు హుద్‌హుద్ కబుర్లు మొదలెట్టింది. 2014 అక్టోబరు 12న తుపాను కొట్టాక కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలప్యాకెట్టు కోసం ఎంత అడిగితే అంత ఇచ్చాం. ఆ వారం మా మెట్ల మీద అమ్మ కిరోసిన్ స్టవ్ పెట్టి కింద వాటావాళ్లకీ కలిపి పెసరకట్టు కాచింది. నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. ఆ అరకి నెలకి 250 రాశాను, అడగను. ఏమైనా పాతబడితే వంటలోకి తీసి కొత్తది పెడుతుంది.

బిస్కెట్లు, చిప్స్ ఒక్కసారిగా ఆపడం కూడా పనికిరాలేదు. ఇంట్లో లేకపోయేసరికి పిల్లలు పాకెట్ మనీతో వీధి చివర కొనుక్కున్నారు, మా ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో కొనుక్కుంది, నేను ఎక్కడ తిన్నానో చెప్పను. ఇప్పుడు నెలకి 600 చిరుతిండికని వేరే పద్దు, అది అయిపోతే వేరుశెనగలు వేయించుకోవడమే. కాఫీ పొడి జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

నెలనెలా సమానంగా తగ్గుతుందని అనుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు చేప ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, గుడ్లూ ఎండు నెత్తళ్లూ తిన్నాం. మేలో ఆవకాయ వచ్చింది: కాయలు, ఆవపిండి, కారం, నువ్వులనూనె. ఆ నెల 19,000 దాటేసింది. ఆవకాయని ఏ నెల లెక్కలో వేస్తారండీ? అందుకని ఇప్పుడు నెలకి 500 పక్కన పెడుతున్నాను, వచ్చే మే కోసం.

కిందటి నెల 13,900 అయింది. ఇప్పుడు కార్తీకం, ఇంట్లో నీచు వండరు, కోడి చవకైన నెలలోనే కొనకుండా కూరగాయలు ప్రియమైన నెలలో అవే కొంటున్నాం. చూడాలి ఎంతవుతుందో. నిన్న రాత్రి పద్దు పుస్తకం తీస్తే నేను రాయని ఒక లైను కనిపించింది, ఎర్ర పెన్నుతో: "ఆయన, ఆర్కే బీచ్, మురీ మిక్చర్, 40."