మా షార్ట్ ఫిల్మ్‌లో పెదాలు ఒక చోట, మాటలు ఇంకో చోట (నా అనుభవం)

నిన్న సాయంత్రంతో మా గ్రూపు ప్రాజెక్టు ముగిసింది. ఎనిమిది నిమిషాలు దాటకుండా, పేర్లు పడే భాగంతో కలిపి, ఒక షార్ట్ ఫిల్మ్ తీసి క్లాసులో వేసి చూపించాలి. కోపమూ సంతోషమూ రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను. మాకు జరిగింది ఇంకో గ్రూపుకు జరగకూడదు.

కథ దగ్గర మాకు కష్టమేమీ కాలేదు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు. చెల్లికి హాస్టల్లో సీటు వచ్చినట్టు ఉత్తరం వస్తే అక్క దాచేస్తుంది. కరెంటు పోయిన ఒక రాత్రి దీపం వెలుగులో కూర్చుని నిజం చెప్పేస్తుంది. స్క్రిప్టులో పేజీకి ఒక నిమిషం అని లెక్క వేసుకోమన్నారు, ఆ లెక్క దాదాపు సరిపోయింది. సెలవు రోజు స్కూల్ ఆవరణలో షూటింగ్‌కు అనుమతి అడిగితే, అర్జీ తిరగరాయించి, అందరి ఇళ్ల నుంచీ సంతకాలు తెప్పించి, చివరికి వరండా వరకే అన్నారు. సరే, పగటి సీన్లు వరండాలోనే తీసుకున్నాం. అవి ఒక్క పూటలో అయిపోయాయి.

దీపం సీన్ మా గ్రూపులో ఒకరి ఇంట్లో, రాత్రిపూట. ఫ్యాన్ ఆపాం, ఫ్రిజ్ ఆపాం, కిటికీలు మూశాం. దాదాపు నాలుగు నిమిషాల సీను, మధ్యలో కట్ లేకుండా ఒకే షాట్. ఒక ఫోన్‌తో బొమ్మ, ఇంకో ఫోన్‌తో సౌండ్. ఆ రెండో ఫోన్‌ను నటించేవాళ్లకు దగ్గరగా, దుప్పటి మడతలో దాచాం. షాట్ మొదట్లో కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొట్టాం. బొమ్మలో చేతులు కలిసిన ఫ్రేమూ (వీడియోలో ఒక్కో నిశ్చల బొమ్మను ఫ్రేము అంటారు), సౌండ్‌లో టప్ మన్న చోటూ తర్వాత ఎడిటింగ్‌లో కలుపుకోవడానికి. చెల్లిగా వేసిన అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. కట్ చెప్పాక కూడా కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంత బాగా వచ్చింది.

ఇక ప్రివ్యూ.

శుక్రవారం అన్న ప్రివ్యూను సార్ బుధవారానికి జరిపారు. కంప్యూటర్ ల్యాబ్ మాకు దొరికిన కాసేపట్లోనే అన్ని సీన్లూ అతికించి, ఫైల్ తీసి ఇచ్చేశాం. వరండా సీన్లు బాగా నడిచాయి. దీపం సీన్ మొదలైంది, మొదటి రెండు మాటలు బానే ఉన్నాయి. తర్వాత అక్క పెదాలు ముందు కదులుతున్నాయి, మాట వెనక వస్తోంది. పోనుపోనూ దూరం పెరుగుతోంది. చెల్లి నోరు తెరిస్తే అక్క గొంతు వినిపిస్తోంది. క్లాసులో నవ్వులు మొదలయ్యాయి. వెనక బెంచీలో ఒకడు శబ్దం రాకుండా నోరు ఆడిస్తూ మాకే చూపిస్తున్నాడు. చివరికి షాట్ అయిపోయి తెర మొత్తం నల్లగా అయ్యాక, ఆ చీకట్లోంచి "నన్ను క్షమించవే" అని అక్క గొంతు వచ్చింది. మా సినిమాకు ప్రాణం లాంటి మాట అది. క్లాసు క్లాసంతా బల్లలు కొట్టి నవ్వారు.

సార్ ఆపమన్నారు. "ఒక్కసారైనా చూసుకున్నారా అసలు?" అన్నారు. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది సార్ అని మా ఎడిటర్ చెప్పబోయాడు. ఫోన్ తీసి ఆ క్లిప్ పెట్టి చూపించబోయాడు కూడా. సార్ అటు చూడలేదు. ప్రాజెక్టు రికార్డులో ఎర్ర సిరాతో "నిర్లక్ష్యం. సింక్ లేదు" (సింక్ అంటే పెదాలూ మాటా కలవడం) అని రాసి, సంతకం పెట్టి, తర్వాతి గ్రూపును పిలిచారు. అంతసేపు ఏడ్చి నటించిన అమ్మాయి ఆ రోజు మాతో మాట్లాడలేదు.

సింక్ లేదన్నది నిజం. నిర్లక్ష్యం అన్నది నిజం కాదు. ఎందుకు ఇలా అయిందని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయనకే తెలిసేది.

ఆ తర్వాత అడిగిన ప్రతి ఒక్కరూ ఒక్కో మందు చెప్పారు. సౌండ్ 44.1 కిలోహెర్ట్జ్‌లో (అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచి రికార్డు చేస్తారన్న లెక్క) ఉంది, వీడియోకు 48 ఉండాలి, అదే తేడా అన్నారు ఒకరు. ఆ లెక్క తప్పితే గొంతు కూడా మారిపోవాలి, కీచుగానో బొంగురుగానో. మా వాళ్ల గొంతులు మామూలుగానే ఉన్నాయి. రెండు ఫోన్ల గడియారాలు కలవవు అన్నారు ఇంకొకరు. కలవకపోయినా నాలుగు నిమిషాల్లో వచ్చే తేడా కంటికి తెలిసేంత ఉండదు. పైగా బొమ్మ తీసిన ఫోన్‌లోనే రికార్డయిన సౌండ్ ఉంటుంది కదా, ఎడిటింగ్‌లో పెట్టి చూస్తే అది కూడా తన బొమ్మతో తానే కలవట్లేదు. అదే క్లిప్ ఫోన్‌లో వేస్తే ఎక్కడా తప్పట్లేదు. ఇది చూసి మాకు మతిపోయింది. ఇంటర్నెట్‌లో చూసిన వీడియోలన్నీ చప్పట్లు కొట్టండి, కలపండి, అయిపోయింది అంటాయి. మొదట్లో కలిసి తర్వాత విడిపోతే ఏం చేయాలో వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

దారి చూపించింది మా గ్రూపులో అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయి. "వరండా సీన్లు ఎందుకు తప్పట్లేదు? చీకట్లో తీసిందే తప్పుతోంది, గమనించారా?" అంది. అంతే, ముడి అక్కడ విడిపోయింది.

మీడియాఇన్ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీడియో ఫైల్ అందులో వేస్తే లోపలి వివరాలన్నీ చూపిస్తుంది. ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర "వేరియబుల్" అని ఉంది, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది మారుతూ ఉంటుందని. ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములు అని పెట్టినా, అది ఎప్పుడూ ఖచ్చితంగా 30 తీయదు. వెలుతురు ఉన్నప్పుడు దాదాపు 30 తీస్తుంది. వెలుతురు తగ్గితే ప్రతి ఫ్రేముకూ ఎక్కువ సేపు వెలుగు పట్టుకోవడానికి కొన్నిచోట్ల వేగం తగ్గించుకుంటుంది. ఏ ఫ్రేము ఎంతసేపు నిలవాలో ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి ఫోన్ ఆ ప్రకారం చూపించేస్తుంది, అందుకే అక్కడ తప్పదు. మేం వాడిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అదేం చూడకుండా అన్నింటినీ సెకనుకు 30 చొప్పున పరిచేసింది. సెకనుకు 29 ఫ్రేములే ఉన్న చోట కూడా 30 లెక్కన పరిస్తే బొమ్మ ఆ మేరకు కురచవుతుంది. ఒక్కో సెకనుకు అది తెలియదు. నాలుగు నిమిషాలు పోగైతే బొమ్మ ముందే అయిపోతుంది, మాట నల్ల తెర మీద పడుతుంది.

ఇది తెలిశాక ఇంకొంచెం చదివాను. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు, వేగం అటూ ఇటూ అయినా పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు, ఎందుకంటే కలపాల్సిన మాట లేదు. 1920ల చివర టాకీలు వచ్చాక వేగం ఒకేలా ఉండి తీరాల్సి వచ్చింది, సెకనుకు 24 ఫ్రేములు అలా స్థిరపడింది. అంటే మాటలు పుట్టిన రోజే సినిమావాళ్లకు ఎదురైన చిక్కు మాకూ ఎదురైంది. ఇది నిర్లక్ష్యం ఎలా అవుతుంది?

మాట వెనకబడటాన్ని మనిషి కొంతవరకు పట్టించుకోడు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది, దూరంగా ఉన్నవాళ్ల మాట మనకు ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే చేరుతుంది, చెవి దానికి అలవాటు పడింది. మాట ముందొచ్చి పెదవి తర్వాత కదిలితే మాత్రం వెంటనే పట్టేస్తుంది. అందుకే కలిపేటప్పుడు అనుమానం వస్తే మాటను ఒక ఫ్రేము ఆలస్యం వైపే ఉంచాలి కానీ ముందుకు జరపకూడదు. ఇది మాకు బాగా పనికొచ్చింది.

సరిచేయడం కనిపెట్టినంత కష్టం కాలేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో విభాగంలో ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, "కాన్‌స్టంట్" (ఎప్పుడూ ఒకే వేగం) ఎంచుకుని ఫైల్ మార్చాం. తక్కువైన చోట అదే ఫ్రేమును మళ్లీ వేసి లెక్క సరిచేస్తుంది. మార్చిన ఫైల్ తెచ్చి చప్పట్ల దగ్గర కలిపితే చివరి మాట దాకా పెదవి మీదే నిలిచింది. అది చూసి మా ఎడిటర్ ల్యాబ్‌లోనే అరిచాడు. ల్యాబ్ చూసుకునే ఆయన బయటికి పంపించారు, ఆయన కూడా మా కష్టాన్ని అర్థం చేసుకోలేదు.

ఎవరైనా ఫోన్‌తో తీస్తుంటే నేను గట్టిగా చెప్పేది ఇది: ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ప్రతి క్లిప్‌నూ ఇలా మార్చేయండి, తర్వాత కాదు. షాట్ మొదట్లోనే కాదు, చివర్లో కూడా చప్పట్లు కొట్టండి. రెండు చప్పట్లూ కలిస్తే మధ్యలో అనుమానపడే పనే లేదు. మాటలేమీ లేకుండా ఆ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకోండి, కట్ చేసిన చోట సౌండ్ ఒక్కసారిగా ఆగిపోయినట్టు వినపడకుండా దాన్ని కింద పరచుకోవచ్చు. క్లిప్పులు మెసేజింగ్ యాప్‌లో పంపుకోవద్దు, అది నాణ్యత తగ్గించి పంపుతుంది. కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోతే అందులో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో దారి మాత్రమే ఉంటుంది. ఇంకో గ్రూపు దీనివల్ల నల్ల తెర చూసుకుని కూర్చుంది.

పని పంచుకునే విషయంలో ఒక మాట చెప్పాలి. చీకటి సంగతి కనిపెట్టిన అమ్మాయికీ, షూటింగ్‌కు ఒక్క పూట కూడా రాకుండా చివర్లో ఫోటోకు నిలబడిన వాడికీ ఒకటే మార్కులు పడ్డాయి. గ్రూపు ప్రాజెక్టు అంటే అందరికీ సమానం అంటారు. సమానం అంటే పని కూడా సమానంగా ఉండాలి కదా. ఎవరు ఏం చేశారో పేరుపేరునా రాసి రికార్డులో అతికించాం, అడగకపోయినా. మీరూ అలాగే చేయండి.

నిన్న రెండోసారి వేశారు. దీపం సీన్‌లో ఎవరూ నవ్వలేదు. "నన్ను క్షమించవే" అన్న మాట ఆఖరి బెంచీ దాకా స్పష్టంగా వినిపించింది. మా క్లాసులో తీసిన వాటన్నింటిలో ప్రతి మాటా అర్థమైన సినిమా మాదొక్కటే, ఇది నేను గర్వంగానే చెబుతున్నాను. బుధవారం నోరు ఆడించి చూపించినవాడే వచ్చి, మా ఫైల్ కూడా మార్చి పెడతారా అని అడిగాడు. మార్చి ఇచ్చాం.

సార్ బాగుందన్నారు, మార్కులు పెంచారు. ఎలా సరిచేశారని అప్పుడు అడిగారు, మా ఎడిటర్ బోర్డు మీద గీసి మొత్తం చెప్పాడు. రికార్డులో ఎర్ర సిరా మాట మాత్రం అలాగే ఉంది. "సింక్ లేదు" ఉంచండి సార్, "నిర్లక్ష్యం" కొట్టేయండి అని అడిగాం. చూద్దాం అన్నారు. సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాం.