మొదటిసారి సభ నడపబోతున్నవారికి

సభలో మాట్లాడటం, సభ నడపడం సభ్యులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే మా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో ఈ ఏడాదే చేరిన ఒకమ్మాయికి వచ్చే ఆదివారం సభ నడిపే వంతు వచ్చింది. "అక్కా, ఏమేం చూసుకోవాలి?" అని ఫోను చేసింది. పావుగంటలో చెప్పి ముగించే సంగతి కాదిది. ఆమెలాంటివారు ఇంకా ఉంటారు కనుక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. మాది హైదరాబాదులో, పూర్తిగా తెలుగులో నడిచే క్లబ్బు. రెండు వారాలకోసారి ఆదివారం ఉదయం పది గంటలకు ఒక అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాల్లో కలుస్తాం.

మన ఊళ్లలో సభలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు. ముఖ్య అతిథి వచ్చేదాకా ఎదురుచూపులు, జ్యోతి ప్రజ్వలన, వేదిక నిండా కుర్చీలు, ఒక్కొక్కరికీ శాలువా, పూలగుత్తి. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటానన్న పెద్దలు అరగంట మాట్లాడతారు. ఎవరి మాట వినాలని వచ్చామో ఆ వక్త చేతికి మైకు అందేసరికి జనం లేచిపోతుంటారు. వందన సమర్పణ చేసే మనిషి ఖాళీ కుర్చీలకు కృతజ్ఞతలు చెప్పుకోవలసి వస్తుంది. అలాంటి సభల్లో వెనక వరసలో కూర్చుని ఎన్నోసార్లు బాధపడ్డాను. టోస్ట్‌మాస్టర్స్ సభ మీద నాకు గౌరవం కలిగింది మొట్టమొదట ఇందుకే. క్లబ్బు అధ్యక్షులైనా, ఆ పూటే అడుగుపెట్టిన అతిథి అయినా ఇక్కడ గడియారానికి ఒకటే.

ఈ పద్ధతికి నూరేళ్లు దాటాయి. రాల్ఫ్ స్మెడ్లీ అనే, యువకుల కోసం పనిచేసే వైఎంసీఏ సంస్థ ఉద్యోగి అమెరికాలోని బ్లూమింగ్టన్‌లో కుర్రవాళ్లకు మాట్లాడటంతో పాటు సభ నడపడం కూడా నేర్పాలని ఒక బృందాన్ని ప్రారంభించారు. తర్వాత కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వైఎంసీఏ భవనం నేలమాళిగలో 1924 అక్టోబరు 22న జరిగిన సభతో ఇప్పటి సంస్థకు పునాది పడింది. 1973 వరకు ఇందులో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. ఇప్పుడు మా క్లబ్బులో సగానికి పైగా ఆడవాళ్లమే. సభ నడపడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని స్మెడ్లీ మొదట్లోనే గుర్తించడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఉపన్యాసం బాగా ఇచ్చేవారు మన మధ్య చాలామందే ఉన్నారు. పదిమందికి మాట్లాడే అవకాశం కల్పించి, అనుకున్న సమయానికి అందరినీ ఇంటికి పంపగలిగినవారు మాత్రం తక్కువ.

ఇక పనిలోకి వద్దాం. సభ ఆదివారమైతే మీ పని బుధవారమే మొదలవుతుంది. ఆ సభలో పాత్రలు, అంటే వక్త, సమీక్షకులు, టైమర్ లాంటి బాధ్యతలు తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఫోను చేయండి. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు చూపించినవారంతా వస్తారని నమ్మకండి. ఫోనులో మాట్లాడితే గొంతును బట్టే తెలిసిపోతుంది, వచ్చేదెవరో, ఇంట్లో పెళ్లిచూపులో ప్రయాణమో పెట్టుకున్నదెవరో. ముందుగా తయారై వచ్చే వక్తల దగ్గర నాలుగు వాక్యాల పరిచయం అడిగి తీసుకోండి. వారి పేరు ఎలా పలకాలో, ఇంటిపేరు చెప్పాలో వద్దో కూడా అడగండి. నలుగురిలో పేరు తప్పుగా వినబడితే, అసలే భయంతో ఉన్న మనిషి ఇంకా బిగుసుకుపోతారు. చివరి గడియలో ఎవరు మానేసినా ఆ స్థానంలో నిలబడగల ఇద్దరిని మనసులో పెట్టుకోండి, వారికి ముందే చెప్పి ఉంచండి.

ఆ రోజు అరగంట ముందు హాల్లో ఉండండి. కుర్చీలు, మైకు, బ్యానరు చూసుకోవడం సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అని పిలిచే, ఏర్పాట్లు చూసే సభ్యుల పని. అయినా ఒకసారి వెనక వరస దాకా నడిచి, ఫ్యాన్ల చప్పుడులో మాట అక్కడికి వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. వచ్చేది ఇరవైమందే అయితే యాభై కుర్చీలు వేయనివ్వకండి. మనుషులు దూరదూరంగా కూర్చుంటే చప్పట్లు కూడా పలుచబడతాయి. పదయ్యేసరికి ఆరుగురే ఉన్నా సభ మొదలుపెట్టండి. ఆలస్యంగా వచ్చేవారి కోసం ఆగితే వేళకు వచ్చినవారిని శిక్షించినట్టే.

వేదికను ఒక్క క్షణం కూడా ఖాళీగా వదలకూడదని టోస్ట్‌మాస్టర్స్ సంప్రదాయం. వక్తను పిలిచాక వారు వచ్చేదాకా చప్పట్లు కొడుతూ అక్కడే నిలబడి, కరచాలనమో నమస్కారమో చేసి, వేదిక అప్పగించిన తర్వాతే పక్కకు తప్పుకోవాలి. కుర్చీలోంచి లేచి ఆ పది అడుగులు నడిచేటప్పుడే భయం పట్టుకుంటుంది. ఎదురుగా ఒక మనిషి నవ్వుతూ నిలబడి ఉంటే ఆ నడక సులువవుతుంది.

సమయం చూస్తూ వక్తకు రంగు కార్డులు ఎత్తి చూపే టైమర్ గురించి రెండు మాటలు. మామూలు ప్రసంగానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదో నిమిషానికి ఆకుపచ్చ కార్డు, ఆరో నిమిషానికి పసుపు, ఏడో నిమిషానికి ఎరుపు, ఆపైన అర నిమిషం వెసులుబాటు. మొదటి ప్రసంగమైన ఐస్ బ్రేకర్‌కు నాలుగు నుంచి ఆరు నిమిషాలు. కార్డు ఎత్తడానికి మొహమాటపడే టైమర్లను చూశాను, ముఖ్యంగా ఎదుట ఉన్నది వయసులో పెద్దవారైతే. ఎత్తాల్సిందే. ఆ తర్వాత మాట్లాడబోయే మనిషి నిమిషాలను కాపాడేది ఆ కార్డే. పూరకపదాలు లెక్కపెట్టేవారికీ ఇదే వర్తిస్తుంది. "అంటే", "మరి", "సో", "యాక్చువల్లీ" ఎన్నిసార్లు దొర్లాయో మెత్తగా చెప్పాలి గానీ చెప్పకుండా వదలకూడదు.

టేబుల్ టాపిక్స్ అంటే అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడటం. ముందు ప్రశ్న చదివి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత పేరు పిలవండి. పేరు ముందే చెబితే మిగతావారు హాయిగా వెనక్కి వాలిపోతారు. ఆ రోజు ఏ పాత్రా లేనివారికే మొదటి అవకాశం ఇవ్వండి. అతిథులను మాత్రం ముందే అడగండి, ఇష్టం లేదంటే బలవంతపెట్టకండి. ఇక ప్రశ్నల సంగతి. "విజయం అంటే ఏమిటి?" లాంటివి నాకు బొత్తిగా నచ్చవు. అందరూ ఒకే జవాబు చెబుతారు, అది కూడా ఎక్కడో విన్నదే. "మీ ఇంట్లో పారేయడానికి ఎవరికీ చేతులు రాని వస్తువు ఏమిటి?" అని అడిగి చూడండి. కుట్టుమిషను, ఇత్తడి బిందె, నాన్నగారి రేడియో, ఇలా ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి బయటికి వస్తుంది.

అన్నిటికన్నా విలువైనది సమీక్ష. ఒక్కొక్క ప్రసంగానికి రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి, కానీ మనుషులు ఈ క్లబ్బుకు మళ్లీ రావడమో మానేయడమో అక్కడే తేలుతుంది. "చాలా బాగా మాట్లాడారు, అభినందనలు" అని కూర్చునే సమీక్ష వల్ల వక్తకు ఒరిగేదేమీ లేదు. తప్పులన్నీ ఏరి వరసగా వినిపించేది అంతకన్నా నష్టం. సమీక్ష ఎలా ఉండాలో నాకు నేర్పింది మా క్లబ్బులోని రిటైర్డ్ లెక్కల మాస్టారు. మందుల కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి తన ఐస్ బ్రేకర్‌లో వాళ్ల పొలంలో బోరు వేయించిన రోజు గురించి చెప్పింది. చేతిలో కాగితం, ముఖం కాగితంలో. చదువుతూ చదువుతూ, బోరు బండి లోంచి తెల్లటి పొడి వస్తూనే ఉందనీ, తడి మట్టి రాలేదనీ, నాన్న ఆ దుమ్ములోనే నిలబడ్డాడనీ చెప్పేటప్పుడు తల ఎత్తింది. ఆ తర్వాత మళ్లీ కాగితంలోకి వెళ్లిపోయింది. మాస్టారు లేచి ఇలా అన్నారు: "అమ్మా, బోరు దగ్గర మీ నాన్నగారు నిలబడ్డ చోట మీరు చదవలేదు, మాకు చెప్పారు. హాల్లో ఎవరూ కదల్లేదు. వచ్చేసారి కాగితం మీద అయిదు మాటలు మాత్రమే రాసుకుని రండి. మిగతాదంతా మీకు తెలిసిందే." గొంతు గురించి గానీ, చేతులు ఊపడం గురించి గానీ ఆయన ఒక్క మాటైనా ఎత్తలేదు. ఆమె రెండో ప్రసంగానికి నిజంగానే అయిదు మాటలతో వచ్చింది.

అందుకే సభ ఆలస్యమవుతుంటే మొదట మీ సొంత మాటలు తగ్గించండి, తర్వాత టేబుల్ టాపిక్స్‌లో రెండు ప్రశ్నలు తీసేయండి. సమీక్షల నుంచి మాత్రం ఒక్క నిమిషం కూడా కోయకండి. అంశాలను కలిపే మీ వ్యాఖ్యానం ఒకటి రెండు వాక్యాలు దాటనక్కర్లేదు. ఆ రోజు సభ "వాన" మీద అయితే మీకు తెలిసిన వాన కబుర్లన్నీ చెప్పాలనిపిస్తుంది. ఆ కబుర్లతో ఒక ప్రసంగం తయారు చేసుకుని మరో ఆదివారం వక్తగా రండి.

ఓట్లు లెక్కించి ఉత్తమ వక్త పేరు చెప్పాక అతిథులను రెండు మాటలు అడగండి. సభ్యులంతా ఇంకా కూర్చుని ఉండగానే వచ్చే సభకు పాత్రలు పంచేయండి, టీ దగ్గర చూద్దామంటే సగం మంది మెట్లు దిగిపోతారు. కొత్తగా చేరినవారికి ముందు టైమర్ పాత్ర ఇవ్వండి. చెప్పవలసింది తక్కువ, కానీ ప్రతి వక్తనూ మొదటి మాట నుంచి చివరి మాట దాకా చూస్తూ ఉండాలి. అలా రెండు మూడు సభలు చూశాక ఐస్ బ్రేకర్ ఎప్పుడు ఇస్తారని అడగండి, తేదీ వారినే చెప్పమనండి.