ప్రసాదం వద్దన్నందుకు

మొన్న వినాయక చవితికి పై వాటాలో ఉండే క్రైస్తవుల ఇంటికి మా అమ్మ ఉండ్రాళ్ళు పంపింది. కాసేపటికి ఆ ఇంటావిడే గిన్నె పట్టుకుని కిందికొచ్చింది. "ఏమనుకోకండి ఆంటీ, విగ్రహానికి పెట్టింది మేం తినకూడదు" అంది. అమ్మ పైకి నవ్వింది గానీ, తలుపేశాక మొదలుపెట్టింది: "వాళ్ళ క్రిస్మస్ కేకు మనం తినట్లా? అందరు దేవుళ్ళూ ఒకటే కదా, అంత పట్టింపేంటి?"

నాకూ చివుక్కుమంది. కానీ "అందరు దేవుళ్ళూ ఒకటే" అన్నది మన నమ్మకం, ఆవిడది కాదు. మనకి ఇంకో దేవుడొస్తే పూజగదిలో ఇంకో పటం, అంతే (గుణదల తిరునాళ్ళలో కొన్న మేరీమాత పటం మా గూట్లోనే ఉంది). ఆవిడ అలా కలుపుకుంటే ఇక ఆవిడ మతంలో మిగిలేదేముంది?

పాతకాలపు రోమ్‌లోనూ ఇదే గొడవ. ఈజిప్టు దేవత ఐసిస్‌కి కూడా గుడి ఉన్న ఊరది. అలాంటి రాజ్యంలో, క్రీ.శ. 112 ప్రాంతంలో, బితూనియ (ఇప్పటి టర్కీలో ఉంది) గవర్నరు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు: క్రైస్తవులం కాదన్నవాళ్ళ చేత దేవుళ్ళకి మొక్కించి, చక్రవర్తి బొమ్మకి ధూపం వేయించి, క్రీస్తును తిట్టించి వదిలేశాడట, మూడుసార్లు అడిగినా అవునన్నవాళ్ళను చంపించాడట. వాళ్ళ నమ్మకం ఏదైనా సరే, ఆ మొండితనానికైనా శిక్ష పడాల్సిందే అంటాడు. మా అమ్మ అన్న పట్టింపే, కాకపోతే ఈయన చేతిలో కత్తి ఉంది. మూడొందల ఏళ్ళు తిరక్కుండానే కత్తి చేతులు మారింది, 391లో క్రైస్తవ చక్రవర్తి థియోడోసియస్ పాత దేవుళ్ళకి బలులే నిషేధించాడు, కాబట్టి ఏకదేవుడి వాళ్ళనేమీ వెనకేసుకురావట్లేదు.

నాకు నచ్చేది విజయనగర రాజు బుక్కరాయలు. కర్ణాటకలోని జైన క్షేత్రం శ్రవణబెళగొళలో 1368 నాటి శాసనం చూడండి: జైనులకీ వైష్ణవులకీ తగువొస్తే, జైనుల చెయ్యి వైష్ణవుల చేతిలో పెట్టి, అక్కడి జైనుల దేవుడికి ఇరవై మందిని కాపలా పెట్టే పని తిరుమల వైష్ణవులకే అప్పగించాడు. డబ్బు మాత్రం జైనుల దగ్గరే వసూలు, ఇంటికో హణం (అప్పటి నాణెం)! అయినా ఒకరి దేవుడికి ఇంకొకరు మొక్కాలని అడగలేదు.

దీపావళికి దేవుడి దగ్గర పెట్టకముందే ఒక డబ్బా కజ్జికాయలు పై వాళ్ళకి విడిగా తీయమన్నాను. "నైవేద్యం పెట్టకుండా ఎవరికైనా ఎలా ఇస్తాంరా?" అని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది.