తెరమీది లోతు కంటికి అందేదాకా

కంప్యూటర్‌లో వస్తువుల డిజైన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేటప్పుడు కమాండ్లు నన్ను అంతగా ఇబ్బంది పెట్టలేదు. రోజూ వాడితే అవి చేతికి వచ్చేస్తాయి. తెరమీది గీతల్లో ఏది ముందుందో, ఏది వెనకుందో తేల్చుకోవడమే కష్టమైంది.

అంచుల గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్‌లో మామూలు పెట్టె గీసి చూస్తూ ఉంటే కాసేపటికి అదే తిరగబడేది. వెనక ముఖం ముందుకొచ్చేది, పైనుంచి చూస్తున్న పెట్టె కిందినుంచి చూస్తున్నట్టు అయ్యేది. నా కళ్ళలో ఏదైనా లోపముందేమోనని టెన్షన్ పడ్డాను. స్విట్జర్లాండ్‌కు చెందిన శాస్త్రవేత్త లూయీ నెకర్ 1832లోనే స్ఫటికాల బొమ్మల్లో ఇది గమనించాడని చదివాక మనసు కుదుటపడింది. ఆ గీతలకు రెండు రూపాలూ సమానంగా సరిపోతాయి. కన్ను ఒకసారి ఒకటి, ఇంకోసారి మరొకటి ఎంచుకుంటుంది. మూడు ముఖాలూ సమానంగా కనిపించేలా మూలనుంచి చూసే ఐసోమెట్రిక్ వ్యూలో మరీ చిక్కు, ఘనం దగ్గరి మూలా దూరపు మూలా ఒకే చుక్కమీద పడతాయి.

ముఖాలకు వెలుగునీడలు నింపే షేడింగ్ పెడితే చాలావరకు తేలిపోయింది. కానీ వెలుగు పైనుంచే పడుతుందని కన్ను తనంతట తానే అనుకుంటుంది. లైట్ కిందినుంచి ఉంటే గుంట బొడిపెలా కనిపించొచ్చు. అందుకే లైట్‌ను పైకి మార్చి, అంచుల గీతలు కూడా కనిపించేలా పెట్టుకున్నాను.

అన్నిటికన్నా మేలు చేసింది మోడల్‌ను తిప్పడం. కదలకుండా ఉన్నప్పుడు చదునుగా కనిపించే నీడ, వస్తువు తిరగగానే ఘనరూపంగా కనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు వాలక్, ఓకానెల్ 1953లో చూపించారు. నేను మౌస్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపుతాను. గిరగిరా తిప్పితే ఏ ముఖం ఎటు పోయిందో జారిపోతుంది. రెండు బొమ్మల మధ్య కోణం పెరిగేకొద్దీ, అవి ఒకే వస్తువని పోల్చుకోవడానికి పట్టే సమయం కూడా పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు షెపర్డ్, మెట్జ్‌లర్ 1971లో తేల్చారు. నా అనుభవమూ అదే.

దగ్గరిదైనా దూరానిదైనా ఒకే సైజులో చూపించే సమాంతర (ఆర్థోగ్రాఫిక్) ప్రొజెక్షన్‌లో వైర్‌ఫ్రేమ్‌ను తిప్పితే తిరిగే దిశే తారుమారుగా అనిపించొచ్చు. అప్పుడు మామూలుగా కంటికి కనిపించినట్టు చూపే పర్‌స్పెక్టివ్‌కు మారతాను, దగ్గరి అంచు పెద్దగా కనబడుతుంది. కొలతలు పోల్చాలంటే మళ్ళీ ఆర్థోగ్రాఫికే.

రెండు రంధ్రాలు లోపల కలుస్తున్నాయో లేదో మాత్రం బయటినుంచి ఎంత తిప్పినా తెలియదు. దానికి సెక్షన్ తీయాల్సిందే, అంటే మోడల్‌ను తెరమీద కోసి లోపల చూడాల్సిందే. కొత్త భాగం ఏది తెరిచినా ముందు ఊపి చూస్తాను, తర్వాత మధ్యకు కోసి చూస్తాను, ఆ తర్వాతే కొలత మారుస్తాను.