‘ది క్యాట్ కాన్సెర్టో’: వేళ్లు ఆగని పిల్లి

టామ్ అండ్ జెర్రీ కార్టూన్ సినిమాల్లో ఒక్కటే చూడాలంటే ‘ది క్యాట్ కాన్సెర్టో’ చూడమంటాను. 1947లో హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం విడుదల చేసింది. దర్శకులు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. నిర్మాత ఫ్రెడ్ క్విన్బీ. సంగీతం స్కాట్ బ్రాడ్లీ. 1946 సంవత్సరానికి ఆస్కార్ తెచ్చుకుంది, ఈ జంటకు అది వరసగా నాలుగోది. నిడివి ఎనిమిది నిమిషాల లోపే. సంభాషణలు లేవు. కథ చెప్పడానికి రెండు ముక్కలు చాలు: టామ్ నల్లకోటు వేసుకుని కచేరీ వేదిక మీద పియానో ముందు కూర్చుంటాడు, ఆ పియానో లోపల జెర్రీ హాయిగా నిద్రపోతుంటాడు.

ఈ జంట సినిమాలు చాలావరకు పరుగు మీద నడుస్తాయి. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి, చేతికి అందిన ప్రతి వస్తువూ ఆయుధమే. ఇక్కడ ఆ వీలు లేదు. ఎదురుగా నిండు సభ ఉంది. టామ్ లేచి వెళ్లకూడదు, కేకలు పెట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా వాయిద్యం ఆపకూడదు. నవ్వంతా ఆ ‘కూడదు’ల్లోంచే పుడుతుంది. పరువు నిలుపుకోవాల్సిన చోట ఒళ్లంతా దురద పెడితే మనిషి ఎలా ఉంటాడో, టామ్ ఆ ఎనిమిది నిమిషాలూ అలా ఉంటాడు. ముఖంలో విద్వాంసుడి దర్పం చెదరదు, వేళ్లు మాత్రం యుద్ధం చేస్తుంటాయి.

వాయించే కృతి హంగరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ 1847లో రాసిన హంగేరియన్ రాప్సొడీ రెండోది. ఎంపికలోనే సగం పని అయిపోయింది. ఇందులో రెండు భాగాలు: మొదటిది ‘లాషాన్’, బరువుగా, నిదానంగా సాగుతుంది, రెండోది ‘ఫ్రిష్కా’, అంతకంతకూ వేగం పుంజుకుంటుంది. మన కచేరీ భాషలో విళంబం నుంచి ద్రుతానికి నడక. హాస్యానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ దొరకదు. మొదటి భాగంలో టామ్ గాంభీర్యం చూపించడానికి తీరిక ఉంటుంది, రెండో భాగంలో దాన్ని ఒక్కో పొరా ఒలిచేయడానికి కావలసినంత వేగం ఉంటుంది. ఫ్రిష్కా చివర్లో వాయించేవాడు తన మనోధర్మం చూపించుకోవడానికి లిస్ట్ ఖాళీ కూడా వదిలాడు.

సాధారణంగా కార్టూన్లలో బొమ్మ జారిపడితే సంగీతమూ జారిపడుతుంది, సంగీతం బొమ్మ వెనక నడుస్తుంది. ఇక్కడ వరస తిరగబడింది. పియానో వాద్యాన్ని ముందే రికార్డు చేసుకుని, ఏ స్వరం ఏ ఫ్రేములో, అంటే ఏ విడి బొమ్మ దగ్గర, పడుతుందో లెక్క కట్టి, ఆ తర్వాత బొమ్మలు గీశారు. లెక్క ఎలా ఉంటుందంటే, సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 12 ఫ్రేములకు ఒక తాళం దెబ్బ అనుకుంటే నిమిషానికి 120 దెబ్బలు. 8 ఫ్రేములకు ఒకటి అనుకుంటే 180. వేగం పెరిగే కొద్దీ యానిమేటర్ చేతిలో మిగిలే ఫ్రేములు తగ్గిపోతాయి. ఎనిమిది ఫ్రేముల్లో వేలు లేవాలి, పియానో మెట్టు మీద దిగాలి, దాని పక్కన జెర్రీ ఓ అల్లరి పని మొదలుపెట్టి ముగించాలి. ఒక్క ఫ్రేము తప్పితే కన్ను చెప్పలేకపోవచ్చు గాని, మూడు తప్పితే చెవి ఒప్పుకోదు. అందుకే యానిమేటర్లు చాలాసార్లు దెబ్బ బొమ్మను శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే పెడతారు. చూసేవాడి కంటికి అప్పుడే రెండూ కలిసినట్టు అనిపిస్తుంది.

టామ్ చేతులు గమనించండి. ఉజ్జాయింపుగా అటూ ఇటూ ఆడించిన చేతులు కావవి. మంద్రంలో స్వరం వినిపిస్తే చెయ్యి ఎడమకు వెళుతుంది, తారస్థాయి వినిపిస్తే కుడికి. సినిమాల్లో మనుషులు వాయిస్తున్నట్టు నటించేటప్పుడే ఇది తరచుగా తప్పిపోతుంది. పిల్లి బొమ్మ తప్పలేదు. ఈ నమ్మకం కుదిరాక, ఆ చేతులకు ఏం జరిగినా మనకు నిజంగానే జరుగుతున్నట్టు ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది కత్తెర ఘట్టం. కీబోర్డు కుడి చివర ఓ స్వరం మళ్లీ మళ్లీ పలకాలి. ఆ మెట్టు పక్కనే జెర్రీ కత్తెర తెరిచి పట్టుకుంటాడు. వేలు దిగుతుంది, కత్తెర మూసుకుంటుంది, వేలు అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ అంతే. ఒకసారి తప్పితే అది ఆశ్చర్యం. రెండోసారి తప్పితే అలవాటు. ఆ తర్వాత మనమే కత్తెరతో పాటు తాళం వెయ్యడం మొదలుపెడతాం. సరిగ్గా అప్పుడు జెర్రీ పద్ధతి మార్చేస్తాడు: కత్తెర తీసేసి, కొన్ని తెల్ల మెట్ల చోట ఎలకలను పట్టే స్ప్రింగు ఉచ్చు అమర్చుతాడు. టామ్ వేలు ఉచ్చుకు ఇటు పక్క వాయిస్తుంది, అటు పక్క వాయిస్తుంది, మధ్యలోకి మాత్రం రాదు. ఎప్పుడు పడుతుందో మనకు తెలియదు గాని పడుతుందని తెలుసు. ఎలక ఉచ్చులో పిల్లి వేలు పడడం అన్న తిరగవేత గురించి ఆలోచించే లోపే పాట ముందుకు వెళ్లిపోతుంది.

ఆ తర్వాత జెర్రీ పియానో లోపల తీగలను కొట్టే సుత్తుల మీదికెక్కి గంతులేస్తాడు. లిస్ట్ కాస్తా అప్పటి హుషారైన రైలు పాటగా మారిపోతుంది. ఎంజీఎం వారే తీసిన ‘ది హార్వే గర్ల్స్’ సినిమాలోదది. ఆ పాటకూ అదే ఏడాది ఆస్కార్ వచ్చింది. టామ్ చేతులు జెర్రీ వెంట పడితే, వాయించే పని కాళ్లు అందుకుంటాయి.

హాస్యానికి వాడిన సరుకంతా పియానోలోదే అని గుర్తించాలి. బయటి నుంచి తెచ్చినవి కత్తెర, ఉచ్చు లాంటి ఒకటి రెండు. మూత వేళ్ల మీద పడుతుంది. ఎత్తు సరిచేసుకునే స్టూలు టామ్‌ను పైకి లేపి కింద కూలేస్తుంది. మెట్లు కింద నుంచి తన్నుకొస్తాయి. పియానోకు 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. మెట్టు నొక్కితే లోపల ఫెల్ట్ చుట్టిన చెక్క సుత్తి లేచి, తీగను కింద నుంచి కొట్టి, వెంటనే వెనక్కి పడిపోతుంది. ఈ నిర్మాణం తెలిస్తే జెర్రీ నిద్రలేచే దృశ్యం ఇంకా బాగుంటుంది: అతను పడుకున్నది ఆ సుత్తుల మీదే. అయితే గంతుల దగ్గర సినిమా భౌతికశాస్త్రాన్ని పక్కన పెట్టింది. నిజం పియానోలో సుత్తి మీద బరువు పడితే అది తీగకు తగలదు. ఆ తప్పు నాకు సమ్మతమే, ఎందుకంటే ‘ఈ భాగానికీ ఆ శబ్దానికీ సంబంధం ఉంది’ అన్న నియమాన్ని సినిమా ఎక్కడా వదలలేదు.

పోల్చి చూడడానికి ఓ మంచి నమూనా ఉంది. వార్నర్ బ్రదర్స్ వారు 1946లో విడుదల చేసిన ‘రాప్సొడీ రాబిట్’. దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్, వాయించేది బగ్స్ బన్నీ అనే కుందేలు. అదే లిస్ట్, అదే పియానో, అందులోనూ ఓ ఎలక. ఎవరు ఎవరిని కాపీ కొట్టారని రెండు స్టూడియోల మధ్య నిందలు నడిచాయి. ఆ గొడవ పక్కన పెట్టి రెండూ వరసగా చూడండి. బన్నీ మాట్లాడతాడు, మధ్యలో ఫోను తీస్తాడు, దగ్గిన ప్రేక్షకుడిని తుపాకీతో కాలుస్తాడు. బాగా నవ్వొస్తుంది, కాని అతనికి సభ అంటే లెక్క లేదు. పరువు పోతుందన్న భయం లేనివాడికి పోయేదేముంది? టామ్‌కు ఉంది. అందుకే నా ఓటు టామ్‌కే.

చూసేటప్పుడు కొన్ని సంగతులు సరిచేసుకోకపోతే ఇంత లెక్కా వృథా అవుతుంది. బ్లూటూత్ స్పీకరు వద్దు. శబ్దం 150 మిల్లీసెకన్లు ఆలస్యమైతే మూడున్నర ఫ్రేములకు పైగా వెనకబడ్డట్టే. కత్తెర ఘట్టం చచ్చిపోతుంది. టీవీ స్పీకరు గాని తీగ ఉన్న హెడ్‌ఫోన్ గాని వాడండి. కొత్త టీవీల్లో కదలికను నునుపు చేసే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది రెండు బొమ్మల మధ్య తనకు తోచిన బొమ్మలు చొప్పించి దెబ్బ పదును పోగొడుతుంది. తెరను నింపడానికి పైనా కిందా కోసిన కాపీ కూడా వద్దు. ఈ సినిమా దాదాపు చదరానికి దగ్గరగా ఉండే పాత కొలతలో, అంటే 1.37:1లో తీసింది. కోస్తే ముందు పోయేవి ఫ్రేము కింది అంచున ఉన్న చేతులు. పాల్ అనే పాత టీవీ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఎక్కించిన కాపీ అయితే నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. శ్రుతి కూడా హార్మోనియంలో పక్క మెట్టుకున్న దూరంలో ముప్పాతిక దాకా పైకి జరుగుతుంది. రాప్సొడీని విడిగా విని అలవాటు పడ్డవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

అన్నీ సరిచేసుకున్నాక మూడుసార్లు చూడండి. మొదట మామూలుగా. రెండోసారి శబ్దం ఆపేసి, టామ్ ముఖం వదిలేసి చేతులే. మూడోసారి కళ్లు మూసుకుని వినడమే.

ఇక ముగింపు. ఓపిక నశించిన టామ్ జెర్రీని పియానోలోకి విసిరేస్తాడు. జెర్రీ లోపల రెండు సుత్తులు విరిచి, చెరో చేత్తో పట్టుకుని, తీగల మీద నేరుగా కొట్టడం మొదలుపెడతాడు. హంగరీలోని రోమా (జిప్సీ) వాద్యబృందాల్లో సింబలోమ్ అనే వాయిద్యం ఉంటుంది. మన సంతూర్‌కు బంధువు. పరిచిన తీగలను చేతిలోని రెండు పుల్లలతో కొడతారు. ఫ్రిష్కాలో లిస్ట్ పియానో మీద పలికించబోయింది ఆ వాయిద్యాన్నే. అంటే జెర్రీ చేస్తున్నది అల్లరి అనిపించినా, కృతి ఎక్కడ పుట్టిందో అక్కడికే దాన్ని తీసుకెళ్లాడు. టామ్ వేళ్లు ఆ వేగాన్ని అందుకోలేవు. అయిపోయిందనుకుని చేతులు దించుతాడు, జెర్రీ మళ్లీ ఎత్తుకుంటాడు. ఇంకోసారి అయిపోయిందనుకుంటాడు, ఇంకోసారి ఎత్తుకుంటాడు. చివరికి కోటు పీలికలై, మెట్ల మీద వాలిపోతాడు. సభ చప్పట్లతో మారుమోగుతుంది, లైటు టామ్ మీద నుంచి జరిగి పక్కకు వెళుతుంది. అక్కడ జెర్రీ నిలబడి, నిమ్మళంగా వంగి నమస్కరిస్తుంటాడు.