మండలం గేజ్‌లో పడ్డ వాన, మన చెల్కలో పడని వాన

వాన ఎంత పడిందని పాలమూరు పల్లెలో అడిగితే ఎవరూ మిల్లీమీటర్లలో చెప్పరు. "దుక్కి పదునైంది", "విత్తనం పదును కాలే", "జానెడు దిగింది" అంటారు. మంచి కొలతే అది. పైనుంచి ఎంత పడిందో కాదు, భూమి ఎంత తాగిందో చెప్తుంది. ఎర్ర చెల్కలో జానెడు దిగే వాన నల్లరేగడిలో అందులో సగం లోతుకే ఆగిపోతుంది. వానను బట్టి డబ్బిచ్చే బీమా కాగితానికి మాత్రం చెల్క, రేగడి తేడా లేదు. దానికి తెలిసింది గేజ్‌లో, అంటే వానను కొలిచే డబ్బాలో, నిలిచిన నీళ్ల ఎత్తు ఒక్కటే. వాన బీమా మీద ఇన్నేళ్లు జరిగిన పరిశోధనను ఒక్క మాటలో చెప్పమంటే, ఈ రెండు కొలతల మధ్య సందు గురించే అంటాను.

ఆ పరిశోధనలో పెద్ద భాగం జరిగింది మన దగ్గరే. వాన లెక్క చూసి డబ్బిచ్చే బీమాను దేశంలో మొదట పెట్టింది 2003లో, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో. పాలసీ ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీది, ఊళ్లో అమ్మింది పల్లెల్లో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, సాంకేతిక సాయం ప్రపంచ బ్యాంకుది. కొన్నది ఆముదం, బుడ్డలు (వేరుశనగ) వేసే రైతులు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన పత్రాలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాలయ్యాయి. ఇక్కడి రైతు వేదికల్లో మాత్రం వాటి ఊసు లేదు. కరువొచ్చిన ప్రతిసారీ "వాతావరణ బీమా తెస్తే పోదా" అన్న మాట కొత్తగా పుడుతుంది. అందుకే ఇది రాయడం.

అసలు బయటి బీమా ఎందుకు కావాలి? మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుని ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. వాటిలో రెండు మనవే: డోకూర్, ఔరేపల్లె. ఊరికి 40 కుటుంబాలు. భూమి లేనివి పది, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. ఔరేపల్లె లెక్కలను, మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలను పట్టుకుని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఒక పత్రం రాశాడు. ఒక ఇంటి పంట పోయినంత మాత్రాన ఆ ఇంటి తిండి అంతగా తగ్గడం లేదని, ఊరందరి సగటు తిండి ఎటు పోతే ఆ ఇంటిదీ అటే పోతోందని చూపాడు. అప్పు, చేబదులు, ఇంటి బంగారం, బంధువులు కలిసి ఒక్కడి నష్టాన్ని పంచుకుంటాయన్నమాట. అయితే ఆ మూడింట్లో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకు ఈ రక్షణ తక్కువగా అందిందని కూడా అదే పత్రం చెప్పింది.

కానీ వాన లేకపోతే నష్టపోయేది ఒక్కడు కాదు, ఊరంతా. అప్పుడు చేబదులు ఇచ్చేవాడి చేతా పైస ఉండదు. ఇవే ఊళ్ల లెక్కలతో రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఆర్థికవేత్తలు 1989లో చూపిన సంగతి ఒకటుంది. రాబడి ఎక్కువ ఊగిసలాడే ఇళ్లవాళ్లు ఆడపిల్లలను దూరం ఊళ్లకు ఇస్తున్నారట. ఇక్కడ వాన పడనప్పుడు అక్కడ పడొచ్చు కదా! వియ్యం కూడా ఒక బీమాయే. ఇక పాలమూరు లేబర్ బొంబాయి, పూణెలు పట్టిపోవడం ఏ రకం బీమానో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పాలసీ కాగితం విప్పుదాం. ఆ తొలి రోజుల పాలసీల్లో వానాకాలాన్ని మూడు దశలుగా కోసేవాళ్లు: 35 రోజులు, 35 రోజులు, 40 రోజులు. అంతా కలిపి 110. మొదటి దశ క్యాలెండర్ తేదీతో మొదలుకాదు. జూన్ 1 నుంచి గేజ్‌లో వాన కూడుకుంటూ 50 మిల్లీమీటర్లు దాటిన రోజు మొదలవుతుంది. నెలాఖరుకు కూడా 50 కాకపోతే జులై 1న దానంతటదే మొదలు. మొదటి రెండు దశలు వాన తక్కువైతే డబ్బిస్తాయి. మూడోది తిరగబడి ఉంటుంది, కోతల వేళ వాన ఎక్కువైతే ఇస్తుంది. బుడ్డలు పీకే సమయానికి ముసురు పట్టుకుంటే కాయలు భూమిలోనే మొలకెత్తుతాయి కాబట్టి ఆ ఏర్పాటు సబబే.

లెక్క ఎట్లా కడతారో ఒక ఉదాహరణ. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవి, పద్ధతి మాత్రం అదే. మొదటి దశకు పై హద్దు 70 మిల్లీమీటర్లు, కింది హద్దు 10. 70కి తగ్గిన ప్రతి మిల్లీమీటరుకు 10 రూపాయలు, 10కి పడిపోతే ఒకేసారి 1000 రూపాయలు. గేజ్‌లో 42 పడితే లోటు 28, చేతికి 280 రూపాయలు. 11 పడితే 590. ఇంకొక్క మిల్లీమీటరు తగ్గి 10 అయితే 1000. మరో నియమం కూడా ఉంది, దీన్ని చాలామంది చదవరు: ఒక రోజులో 2 మిల్లీమీటర్ల లోపు పడ్డది లెక్కలోకి రాదు, 60 దాటి పడ్డది 60గానే లెక్క. తుంపర పంటకు పనికిరాదని, కుండపోత వాగుపాలవుతుందని ఈ నియమం పెట్టారు. ఇంతవరకు బుద్ధిగానే ఆలోచించారు.

చెడేది ఎక్కడంటే, 35 రోజుల వానను కుప్పగా కూడటంలో. మూడో రోజు 38, నాలుగో రోజు 34 పడ్డాయనుకోండి. తర్వాత 31 రోజులు వాన లేదు, మధ్యలో ఆరుసార్లు ఒకటిన్నర మిల్లీమీటర్ల తుంపర తప్ప. లెక్కకొచ్చిన మొత్తం 72. హద్దు 70. పైసా రాదు. చెల్కలో మాత్రం మొలకలు మాడిపోయి, రెండోసారి విత్తనం కొనాల్సి వస్తుంది. దక్షిణ తెలంగాణలో పంటను చంపేది చాలాసార్లు మొత్తం వాన తక్కువ కావడం కాదు, రెండు వానల మధ్య ఎడం. ఏడాదికి 600 మిల్లీమీటర్ల అటూఇటూగా కురిసే జిల్లా ఇది. ఆ 600 ఎన్ని రోజుల్లో పడిందన్నదే అసలు సంగతి. వరుసగా ఎన్ని రోజులు ఎండు పోయిందో లెక్కపెట్టే పాలసీ కుప్ప లెక్క పాలసీ కంటే మనకు నయం అని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో చిక్కు మొదలు తేదీది. మీ ఊళ్లో మృగశిర వానకే పదునై జూన్ రెండో వారంలో బుడ్డలు విత్తారు. గేజ్ ఉన్న చోట 50 నిండేసరికి జూన్ 27 అయింది. కాగితం మీద పాలసీ పంట ఇంకా విత్తనాల దశలో ఉండగా మీ పంటలో పూత వచ్చేస్తుంది. ఊడలు దిగే వేళ ఎండు పట్టినా, పాలసీకి అది మొదటి దశే. ఇక ఆముదమైతే ఐదారు నెలలు పొలంలో ఉండే పంట, 110 రోజుల పాలసీ దానికి ఎక్కడ సరిపోతుంది?

అన్నిటికన్నా పెద్దది దూరం. వానాకాలం ఉరుముల వాన పొలం గట్టు దాటి పడదని ఊరికే అనరు. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్ల నీళ్లు. గేజ్‌కూ మీ చెల్కకూ మధ్య 20 మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే, ఎకరానికి 80 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు, కాగితం మీద మీకు ముట్టినట్టు, నిజానికి ముట్టనట్టు. మొబారక్, రోజెన్‌జ్వైగ్ ఉత్తరప్రదేశ్, తమిళనాడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగంలో గేజ్ దూరమైన కొద్దీ బీమా కొనేవాళ్లు తగ్గడం కనబడింది. రైతుకు సంభావ్యతల గణితం రాదని అనేవాళ్లు ఒకసారి ఈ ఫలితం చదవాలి.

కొనకపోవడానికి ధర ఇంకో కారణం. జినే, టౌన్‌సెండ్, వికరీ పాత వాన లెక్కలను ఈ పాలసీల మీద పెట్టి చూశారు. సగటున దశల్లో 11 శాతం మాత్రమే డబ్బిస్తాయి. కట్టిన ప్రీమియంలో తిరిగొచ్చేది సగటున 30 శాతం. ఇచ్చినప్పుడు పెద్దగా ఇస్తాయి, కానీ ఘోరమైన కరువుకే. ఒక మోస్తరు లోటుకు పెద్దగా ఏమీ రాదు. 2004 నాటి సర్వేలో వింత ఒకటి తేలింది. నష్టానికి ఎక్కువ భయపడేవాళ్లు బీమా ఎక్కువ కొనాలి కదా, వాళ్లే తక్కువ కొన్నారు. తెలియని కాగితం కొనడమే వాళ్లకు ఇంకో జూదం. చేతిలో డబ్బాడని ఇళ్లు కూడా కొనలేదు. విత్తనం, మందు సంచి, దున్నకం కూలి అన్నీ ఒకేసారి మీద పడే రోజుల్లోనే ప్రీమియం కూడా అడుగుతారు మరి. తర్వాతి ప్రయోగంలో కొందరికి 25 రూపాయలు, కొందరికి 100 రూపాయలు చేతిలో పెట్టి చూస్తే, వంద అందినవాళ్లలో కొన్నవాళ్లు బాగా ఎక్కువ. ఊరికి తెలిసిన బేసిక్స్ మనిషి వెంట వచ్చి నమ్మకం చెప్పినా కొనుగోళ్లు పెరిగాయి. మిల్లీమీటర్లను పదునులోకి మార్చి చూపే పాఠం కూడా పెట్టారు, దానితో పెద్ద ఫలితం రాలేదు. అర్థం కాక కాదు, నమ్మకం లేకే కొనట్లేదని నాకనిపిస్తుంది.

మరి ఉచితంగా ఇస్తే? 2009 వానాకాలంలో కోల్, జినే, వికరీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో దాదాపు 1,500 మంది రైతులను తీసుకున్నారు. చీటీలు తీసి సగం మందికి విత్తకముందే వాన బీమా, మిగతా సగానికి అంత విలువ డబ్బు. బీమా ఉన్నవాళ్లు మొత్తం పెట్టుబడి పెద్దగా పెంచలేదు. కానీ వాన మీద ఆధారపడినా రాబడి ఎక్కువిచ్చే ఆముదం, బుడ్డల వైపు మళ్లారు. చదువుకున్న రైతుల్లో ఈ మార్పు ఎక్కువ. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన మాట "విత్తకముందే". విత్తనం పడ్డాక చేతికొచ్చిన బీమా పరిహారం ఇవ్వగలదేమో గాని పంటను మార్చలేదు.

దీని రెండో ముఖం గురించి సభల్లో ఎవరూ మాట్లాడరు. మొబారక్, రోజెన్‌జ్వైగ్ ఇంకో పత్రంలో చూపింది ఇది: భూమి ఉన్నవాళ్లకు మాత్రమే బీమా ఇస్తే వాళ్లు వాన పంటల వైపు పోతారు. మంచి ఏడు కైకిళ్ల ధర పెరుగుతుంది, కరువు ఏడు మరింత పడిపోతుంది. రైతుకు పరిహారం వస్తుంది, కైకిలికి పోయేవాళ్లకు పనీ ఉండదు, పరిహారమూ ఉండదు. పంట లేకున్నా వానను బట్టి డబ్బిచ్చే బీమాను కూలీలకు కూడా అమ్మొచ్చు, గేజ్ పట్టా పాసుపుస్తకం అడగదు.

దిగుబడిని బట్టి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఫసల్ బీమా వేరు. 2016లో వచ్చిన ఆ పథకంలో వానాకాలం తిండిగింజలు, నూనెగింజలకు రైతు వాటా 2 శాతం. నష్టం తేల్చేది ఊళ్లో నమూనా కోతలు కోసి. అక్కడ పంట నిజంగా ఎంత వచ్చిందో తెలుస్తుంది, కానీ కోతలయ్యాక గాని లెక్క తేలదు, అందుకే ఆలస్యం. 2020లో తెలంగాణ దాన్నుంచి బయటికొచ్చింది. ఎకరాల లెక్కన అప్పట్లో ఇచ్చిన రైతుబంధు గాని, దాని చోట వచ్చిన రైతు భరోసా గాని బీమా కాదు, వాన పడ్డ ఏడూ పడని ఏడూ ఒకటే మొత్తం. రైతు చనిపోతే 5 లక్షలిచ్చే రైతు బీమా పంటకు సంబంధించింది కాదు.

రేపు రైతు వేదికలో ఎవరైనా వాన బీమా కాగితాలతో వస్తే మొదట అడగాల్సింది గేజ్ ఎక్కడుందని, ఊరి నుంచి ఎన్ని కిలోమీటర్లని. అది చెడిపోతే ఏ గేజ్ లెక్క తీసుకుంటారు? దశ ఏ రోజు మొదలవుతుంది? ఎండు రోజులు లెక్కిస్తారా, కుప్ప లెక్కేనా? ఇదే పాలసీ గత 15 ఏళ్లు ఉండుంటే ఏ ఏట ఎంత వచ్చేది? ఈ చివరి ప్రశ్నకు కాగితం మీద పట్టిక ఇమ్మనాలి, నోటి మాట వద్దు. అందులో మన ఊళ్లో కరువని అందరికీ గుర్తున్న ఏడాది ఎదురుగా సున్నా ఉంటే, ఆ పాలసీ మనది కాదు. మండలాల రోజువారీ వాన లెక్కలు రాష్ట్ర ప్రణాళిక శాఖ దగ్గర ఉంటాయి, సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి.

వాటి పక్కన పెట్టి చూసుకోవడానికి ఊరికి సొంత లెక్క ఒకటి ఉండాలి. నడుము సన్నగా లేని, నిటారు గోడల రెండు లీటర్ల సీసా తీసుకుని మెడ కింద కోసి, ఆ పై ముక్కను తలకిందులుగా గరాటులా అందులో పెట్టండి. సీసా అడుగు గుంటలుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, గోడ నిటారయ్యే చోటు దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీయండి. పైకి స్కేలు అంటించండి. గరాటు పై అంచు, సీసా గోడ ఒకే వెడల్పు ఉంటే స్కేలు మీద మిల్లీమీటరే వాన మిల్లీమీటరు. వెడల్పు తేడా ఉంటే అంకె తప్పుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో కర్రకు కట్టి, రోజూ పొద్దున 8:30కు చూసి రాసి, మళ్లీ సున్నా గీతకు తేవాలి. ఎండకు నీళ్లు గీత కిందికి దిగితే పోసి సరిచేయాలి. ఈ నోటుబుక్కు చూసి కంపెనీ పరిహారం ఇవ్వదు, కానీ గేజ్ దగ్గరికి కావాలని అడిగేటప్పుడు చూపడానికి ఇంతకన్నా ఆధారం లేదు. వాన పడని రోజు గడి ఖాళీగా వదలొద్దు, 0 వేయండి. ఖాళీ గడి చూస్తే వాన పడలేదో, ఎవరూ చూడలేదో చెప్పలేం.